ముందు అంకెలు, తర్వాతే రంగులు: జీఎంటీలో మ్యాపుకు ప్యాలెట్ ఎలా కట్టాలి

సముద్రపు అడుగు లోతుల మ్యాపులు గీయడం నా పని, 12 ఏళ్లుగా. మొదట్లో ఒకసారి మీటింగులో నా మ్యాపు తెర మీద పడగానే వెనక వరసలోంచి ఒక పెద్దాయన "మూడు వేల మీటర్ల దగ్గర ఆ గట్టు ఏంటమ్మా?" అని అడిగారు. నేను తెల్లమొహం వేశాను. డేటాలో అక్కడ గట్టేమీ లేదు, మెల్లగా దిగిపోయే వాలు తప్ప. నేను వాడింది ఇంద్రధనుస్సు ప్యాలెట్ (ప్యాలెట్ అంటే ఏ అంకెకి ఏ రంగో చెప్పే వరస). అందులో ఆకుపచ్చ అయిపోయి పసుపు మొదలయ్యే చోట వెలుగు ఒక్కసారిగా పెరుగుతుంది. కన్ను అక్కడ తనంతట తానే ఒక అంచు గీసేసుకుంటుంది. నేను సృష్టించిన ఆ గట్టు గురించి పావుగంట చర్చ జరిగింది.

ఆ రోజు నుంచి నా పని తిరగబడింది. ఏ రంగులు అన్నది ఆఖరి ప్రశ్న. అంకెలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయి, సున్నాకి ఏమైనా అర్థం ఉందా, చివర్లలో చెత్త ఏమైనా దాక్కుందా అన్నవి ముందు ప్రశ్నలు. అవి తేలితే రంగు ఎంచుకోవడం రెండు నిమిషాల పని.

నేను వాడేది జీఎంటీ, అంటే జెనరిక్ మ్యాపింగ్ టూల్స్. పాల్ వెసెల్, వాల్టర్ స్మిత్ 1980ల చివర్లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇప్పుడు నడుస్తున్నది ఆరో వెర్షన్. బటన్లు ఉండవు, అన్నీ టెర్మినల్‌లో కమాండ్లే. ఇక్కడ కమాండ్లను నోటితో పలికినట్టు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషులో టైప్ చేసుకోండి. కమాండు పేరులో గ్రిడ్ అని ఉన్న చోట ఐ లేకుండా జీఆర్‌డీ అని టైప్ చేయాలి. ఇక్కడ అడ్డగీత పక్కన వచ్చే ఆప్షన్ అక్షరాలన్నీ పెద్దక్షరాలు, ప్లస్ పక్కన వచ్చేవి చిన్నవి. ఆప్షన్‌కీ దాని విలువకీ మధ్య ఖాళీ ఉండకూడదు. కొత్తవాళ్ల ఎర్రర్లలో సగం ఈ ఖాళీ వల్లే వస్తాయి.

జీఎంటీలో ప్యాలెట్ అంటే ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, పేరు సీపీటీ. ఫలానా విలువ నుంచి ఫలానా విలువ దాకా ఫలానా రంగు అని వరసగా రాసి ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో కూడా తెరవచ్చు. భయపడాల్సింది ఏమీ లేదు.

అంకెల్ని చూడటం

ముందుగా గ్రిడ్ ఫైలులో, అంటే గడి గడికీ ఒక అంకె ఉండే డేటా ఫైలులో, ఏముందో చూడాలి:

జీఎంటీ గ్రిడ్‌ఇన్ఫో లోతు.ఎన్‌సీ

కనిష్ఠం, గరిష్ఠం అందులో వస్తాయి. ఆ రెండు అంకెల్నీ ఒక క్షణం ఆగి చూడండి. ఒక గ్రిడ్ విషయంలో నేను ఆగలేదు. మ్యాపు గీస్తే మొత్తం ఒకే ముదురు నీలం ముద్దలా వచ్చింది. ప్యాలెట్‌లో తప్పుందనుకుని మధ్యాహ్నమంతా రంగులు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి చూస్తే గరిష్ఠం 9999. ఎవరో కొలత లేని గడులన్నిటికీ 9999 వేసి పంపారు. అసలు విలువలన్నీ -6000 నుంచి 0 లోపలే ఉంటే, నా ప్యాలెట్ 9999 దాకా సాగి కూర్చుంది. రంగుల్లో దాదాపు మూడొంతుల్లో రెండొంతులు లేని విలువలకే పోయాయి.

దానికి మందు ఒక్క లైను:

జీఎంటీ గ్రిడ్‌క్లిప్ లోతు.ఎన్‌సీ -జీశుభ్రం.ఎన్‌సీ -ఎస్ఏ9000/నాన్

ఇందులో ఎస్ పక్కన ఉన్న ఏ చిన్నక్షరం. 9000 దాటిన ప్రతి విలువా 'విలువ లేదు' అయిపోతుంది. నాన్ అంటే ఆ అర్థమే.

ఇంకో సౌకర్యం ఉంది. గ్రిడ్‌ఇన్ఫోకి -టీ100 అని ఇస్తే కనిష్ఠ గరిష్ఠాల్ని వందకి సర్ది, సరిగ్గా తర్వాతి కమాండుకి అతికించుకునే రూపంలోనే ముద్రిస్తుంది. చివర +ఎస్ చేరిస్తే సున్నాకి రెండు వైపులా సమానంగా ఉండే పరిధి ఇస్తుంది. +ఏ2 చేరిస్తే రెండు చివర్ల తోకల్లో ఉన్న విపరీతాల్ని ఆ శాతం మేరకు వదిలేసి మిగతా పరిధి చెబుతుంది. కొలతల్లో ఒకటీ అరా పిచ్చి విలువలు ఉన్నప్పుడు ఇది ప్రాణం పోసినంత పని చేస్తుంది.

ఎటు వైపు వెళ్లే అంకెలు?

లోతు, ఎత్తు, వర్షం లాంటివి ఒకే దిశలో పెరుగుతాయి. వాటికి చీకటి నుంచి వెలుగుకి, లేదా వెలుగు నుంచి చీకటికి నిలకడగా నడిచే ప్యాలెట్ కావాలి. సగటు కంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని చెప్పే అంకెలకు మధ్యలో లేత రంగు, రెండు పక్కలా రెండు వేర్వేరు రంగులు కావాలి. రాతి రకం, నేల వాడకం లాంటి వాటిలో పెద్దా చిన్నా అంటూ ఉండదు, కాబట్టి ఒకదానికొకటి సంబంధం లేని రంగులు చాలు.

ఫాబియో క్రమేరి తయారు చేసిన శాస్త్రీయ రంగుల ప్యాలెట్లు జీఎంటీ ఆరులో ముందే ఉన్నాయి. ఒకే దిశకు బ్యాట్‌లో, డెవాన్, లపాజ్. రెండు దిశలకు విక్, బ్రోక్, రోమా. 2015లో పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ కోసం పుట్టిన విరిడిస్ కూడా ఉంది. వీటిలో అంకె సమానంగా మారితే కంటికి కనిపించే మార్పు కూడా దాదాపు సమానంగానే ఉంటుంది. ఏ పేరూ చెప్పకపోతే జీఎంటీ టర్బో తీసుకుంటుంది. టర్బో అందంగా ఉంటుంది, పాత ఇంద్రధనుస్సు కంటే చాలా నయం. కానీ దాని వెలుగు మధ్యలో పెరిగి రెండు చివర్లా తగ్గుతుంది. లోతుల మ్యాపుకి నేను దాన్ని ముట్టుకోను.

మేక్‌సీపీటీ

అసలు కమాండు ఇదే:

జీఎంటీ మేక్‌సీపీటీ -సీడెవాన్ -టీ-6000/0/500

సీ పక్కన ప్యాలెట్ పేరు. టీ పక్కన మొదలు, చివర, మెట్టు. ఇలా ఇస్తే 500 మీటర్లకో రంగు చొప్పున 12 పట్టీలు వస్తాయి. మెట్టు తీసేసి -టీ-6000/0 అంటే రంగు ఎక్కడా తెగకుండా జాలువారుతుంది. మెట్టు ఉంచి కూడా జాలువారాలంటే చివర -జెడ్ చేర్చండి. రంగుల వరస తిరగేయాలంటే -ఐ.

పట్టీలా, జాలువారే రంగా అని నన్ను తరచూ అడుగుతారు. నా ఓటు పట్టీలకే. జాలువారే మ్యాపు చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ, అందులో ఒక చోటు రంగు చూసి అది 2300 మీటర్లా 2800 మీటర్లా అని ఎవరూ చెప్పలేరు. పది పన్నెండు పట్టీలైతే మ్యాపు పక్కనుండే కలర్‌బార్‌తో, అంటే రంగుల సూచికతో, పోల్చి చెప్పగలరు.

లెక్కలో ఒక చిన్న మెలిక ఉంది. మెట్టు బదులు సంఖ్య చెప్పాలంటే -టీ0/100/5+ఎన్ అని రాస్తాం. అయిదు రంగులు వస్తాయనుకుంటాం, వచ్చేవి నాలుగు. అక్కడి 5 హద్దుల లెక్క, గదుల లెక్క కాదు. అయిదు స్తంభాల మధ్య నాలుగు ఖాళీలే కదా. అయిదు రంగులు కావాలంటే 6 ఇవ్వాలి.

రెడీమేడ్ పేర్లు నచ్చకపోతే మీ రంగులు మీరే కామాలతో ఇవ్వచ్చు. -సీనేవీ,వైట్,ఫైర్‌బ్రిక్ అన్నా సరే, జీఎంటీ మధ్య రంగుల్ని అదే కలుపుకుంటుంది. మధ్యలో కామా తప్ప ఖాళీ పెట్టొద్దు.

సున్నా ఎక్కడ పడుతోంది?

అన్నిటికంటే ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను.

సగటు ఉష్ణోగ్రతతో పోలిస్తే వచ్చిన తేడాల గ్రిడ్ ఒకటి తీసుకుందాం. కనిష్ఠం -2, గరిష్ఠం 9. విక్ ప్యాలెట్‌లో ఒక పక్క నీలం, ఒక పక్క ఎరుపు గోధుమ, మధ్యలో తెలుపు. ఇంకేం అనుకుని ఇలా ఇచ్చాను:

జీఎంటీ మేక్‌సీపీటీ -సీవిక్ -టీ-2/9

మ్యాపులో సగం నీలంగా వచ్చింది. చూసినవాళ్లు అక్కడంతా చల్లబడిందనుకున్నారు. నిజానికి ఆ చోట్లన్నీ రెండు మూడు డిగ్రీలు వేడెక్కినవే. తెలుపు ప్యాలెట్ మధ్యలో ఉంటుంది, -2కీ 9కీ మధ్య అంటే 3.5. నేను చెప్పనంత వరకు జీఎంటీకి సున్నా ప్రత్యేకమని తెలియదు.

చెప్పే దారి +హెచ్. ఇది చిన్నక్షరం, ప్యాలెట్ పేరు వెనక చేర్చాలి:

జీఎంటీ మేక్‌సీపీటీ -సీవిక్+హెచ్0 -టీ-2/9

ఇప్పుడు తెలుపు సరిగ్గా సున్నా దగ్గర నిలబడుతుంది, తలుపుకి బందులా. నీలమంతా -2 నుంచి 0 లోపల, ఎరుపంతా 0 నుంచి 9 దాకా. కానీ ఇందులోనూ ఒక మోసం ఉంది. -2 దగ్గర ఎంత గాఢమైన నీలం ఉంటుందో 9 దగ్గర అంత గాఢమైన ఎరుపు ఉంటుంది. చూసేవాళ్లు రెండూ సమానమైన మార్పులే అనుకుంటారు. రెండు డిగ్రీలు ఎక్కడ, తొమ్మిది ఎక్కడ?

అందుకే నేను రెండు అడుగుల్లో చేస్తాను. ముందు రెండు పక్కలా 9 దాకా సమానంగా ఒక ప్యాలెట్ చేసి ఫైలులో దాచుకుంటాను. తర్వాత దాన్నే -2 దగ్గర కత్తిరిస్తాను:

జీఎంటీ మేక్‌సీపీటీ -సీవిక్ -టీ-9/9 -హెచ్ > పూర్తి.సీపీటీ
జీఎంటీ మేక్‌సీపీటీ -సీపూర్తి.సీపీటీ -జీ-2/9 -టీ-2/9

-జీ అన్నది వచ్చే ప్యాలెట్‌లో మనకి అక్కర్లేని చివర్లని కోసేస్తుంది. ఇప్పుడు -2 దగ్గర లేత నీలమే ఉంటుంది, 2 దగ్గర అంతే లేత ఎరుపు. మ్యాపు కాస్త వెలవెలబోయినట్టు కనిపిస్తుంది, అబద్ధం మాత్రం ఆడదు.

భూమి ఎత్తు, సముద్రపు లోతు కలిపి గీసే జియో ప్యాలెట్‌కి ఈ బందు ముందే బిగించి ఉంటుంది. సున్నా దగ్గర నీలం టక్కున ఆగి ఆకుపచ్చ మొదలవుతుంది. తీరం తానే గీసుకున్నట్టు ముచ్చటగా ఉంటుంది. మృత సముద్రం పక్కకి వెళ్లేదాకా. ఆ తీరం సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా కింద ఉంది. కాస్పియన్ నీటిమట్టం కూడా సుమారు 29 మీటర్లు కిందే, దాని ఉత్తరాన నేల కూడా అంతే పల్లం. జియో పెడితే ఆ పొడి నేలంతా సముద్రమై కూర్చుంటుంది. అలాంటి చోట్ల ముందు మొత్తం గ్రిడ్‌ని సముద్రపు ప్యాలెట్‌తో గీస్తాను. ఆ తర్వాత జీఎంటీ కోస్ట్ -జీ అని ఏ రంగూ ఇవ్వకుండా పిలిస్తే నేల ఆకారంలో ఒక కిటికీ తెరుచుకుంటుంది. దానిలోంచి అదే గ్రిడ్‌ని టుర్కు ప్యాలెట్‌తో, -500 నుంచి 3000 పరిధితో మళ్లీ గీసి, జీఎంటీ కోస్ట్ -క్యూ అని కిటికీ మూసేస్తాను.

చివర్లకి అవతల

సీపీటీ ఫైలు అడుగున పెద్దక్షరాలతో మొదలయ్యే మూడు పొట్టి లైన్లు ఉంటాయి. బి అంటే కనిష్ఠం కంటే కిందవాటికి, ఎఫ్ అంటే గరిష్ఠం దాటినవాటికి, ఎన్ అంటే విలువే లేని గడులకి. బి, ఎఫ్ చాలాసార్లు నలుపు, తెలుపుగా వస్తాయి. లోతుల మ్యాపులో ఒక నల్లటి మచ్చ కనిపిస్తే అది అగాధం కాదు, మీ పరిధి చాలలేదని అర్థం. మేక్‌సీపీటీకి -డీ ఇస్తే చివరి రంగులే అవతలికి కూడా సాగుతాయి. అలా సాగదీసినప్పుడు కలర్‌బార్ చివర త్రికోణాలు పెట్టడం మర్యాద. కలర్‌బార్ కమాండులో -డీ ఆప్షన్ చివర +ఈ చేరిస్తే అవి వచ్చేస్తాయి. ఎన్‌కి మాత్రం ప్యాలెట్‌లో ఎక్కడా లేని బూడిద రంగే ఉంచండి. డేటా లేదు అన్న సంగతి సున్నాలా కనిపించకూడదు.

సముద్రంలో పత్రహరితం లాంటివి 0.01 నుంచి 10 దాకా వెయ్యి రెట్లు మారతాయి. వాటికి లాగరిథం కావాలి. మేక్‌సీపీటీకి -టీ-2/1/0.25 -క్యూ అని ఇవ్వాలి. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, టీలో ఇచ్చేది విలువ కాదు, పదికి ఘాతం. కలర్‌బార్‌కి కూడా -క్యూ ఇవ్వండి.

చేత్తో రాసిన ఫైలు

కొన్ని అంకెలకు ఏ కమాండూ సరిపోదు. భూకంపాల లోతునే తీసుకోండి. 70 కిలోమీటర్ల లోపు పైపైవి, 70 నుంచి 300 మధ్యరకం, 300 నుంచి 700 లోతైనవి. మూడు గదులూ మూడు సైజులు. ఇలాంటప్పుడు నేను ఎడిటర్ తెరిచి చేత్తోనే రాసేస్తాను:

0 214/47/39 70 214/47/39
70 244/165/60 300 244/165/60
300 49/84/150 700 49/84/150
బి 214/47/39
ఎఫ్ 49/84/150
ఎన్ 128

ప్రతి లైనులో మొదటి విలువ, దాని రంగు, రెండో విలువ, దాని రంగు. రంగులో మూడు అంకెలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటి 0 నుంచి 255. లైనుకి రెండు వైపులా ఒకే రంగు ఇస్తే పట్టీ, వేర్వేరు ఇస్తే జాలువారుతుంది. ఒక లైను ముగిసిన విలువ దగ్గరే తర్వాతిది మొదలవ్వాలి, మధ్యలో సందు ఉంటే జీఎంటీ ఒప్పుకోదు. దీనికి కలర్‌బార్ గీస్తే 70 కిలోమీటర్ల గది ఈగంత, 400 కిలోమీటర్ల గది ఏనుగంత వస్తాయి. -ఎల్ ఇస్తే మూడూ సమానమైన పెట్టెలవుతాయి.

నేను పడ్డ రెండు గోతులు

కొత్త పద్ధతిలో మ్యాపంతా జీఎంటీ బిగిన్, జీఎంటీ ఎండ్ మధ్య రాస్తాం. ఆ మధ్యలో మేక్‌సీపీటీ చేసిన ప్యాలెట్‌ని జీఎంటీ తన దగ్గరే పెట్టుకుని తర్వాతి కమాండ్లకి అందిస్తుంది, ఫైలు పేరు చెప్పక్కర్లేదు. సుఖమే. కానీ పాత అలవాటు కొద్దీ బాణం గుర్తు పెట్టి ఫైలులోకి పంపితే ఆ ఫైలు ఖాళీగా ఉంటుంది. పైన వాడిన -హెచ్ ఉంటేనే బయటికి రాస్తుంది. ఆ ఖాళీ ఫైలుని చూస్తూ ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

రెండోది ఇంకా పెద్దది. లోతుల ప్యాలెట్ చేసి గ్రిడ్ గీశాను. తర్వాత భూకంపాల ప్యాలెట్ చేసి చుక్కలు పెట్టాను. చివర్లో తీరిగ్గా లోతులకి కలర్‌బార్ వేశాను. జీఎంటీ చివరిగా చేసిన ప్యాలెట్‌నే గుర్తుంచుకుంటుంది కాబట్టి, లోతుల మ్యాపు కింద భూకంపాల రంగులు వచ్చి పడ్డాయి. సమీక్షకు పంపేదాకా ఎవరూ గమనించలేదు, నాతో సహా. ఇప్పుడు గ్రిడ్‌ని గీసే గ్రిడ్‌ఇమేజ్ లైను కిందే కలర్‌బార్ లైను రాస్తాను, మధ్యలో ఇంకో మేక్‌సీపీటీ దూరకుండా.

గ్రిడ్2సీపీటీ అని ఇంకో కమాండు ఉంది. గ్రిడ్‌ని తానే చదివి, విలువల పంపకాన్ని బట్టి ప్రతి రంగుకీ దాదాపు సమానమైన వాటా వచ్చేలా హద్దులు వేస్తుంది. చదునైన చోట్ల దాక్కున్న చిన్న చిన్న ఆకారాలు దీనితో బాగా బయటపడతాయి. నేను వెతుక్కోవడానికి వాడతాను, అచ్చుకి పంపను. ప్రతి గ్రిడ్‌కీ హద్దులు మారిపోతాయి కాబట్టి రెండు మ్యాపుల్ని పక్కపక్కన పెట్టి పోల్చలేం.

పంపే ముందు

గ్రిడ్‌ఇమేజ్‌కి -ఎం ఇచ్చి ఒకసారి గీయండి. మ్యాపు నలుపు తెలుపుల్లో వస్తుంది. లోతైన చోట, లోతు తక్కువ చోట ఒకే బూడిద రంగు కనిపిస్తే ఆ ప్యాలెట్ పనికిరాదు. యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. మా గదిలోనే ఒకతను ఉన్నాడు. నా పాత మ్యాపు చూపిస్తే "ఇది మొత్తం ఆవాల రంగులో ఉందే" అన్నాడు. నేనందులో వేసింది ఎరుపూ ఆకుపచ్చానే. అప్పటి నుంచి నలుపు తెలుపు పరీక్ష దాటిన మ్యాపునే అతనికి చూపిస్తున్నాను, ఆవాల మాట మళ్లీ రాలేదు.

నీడలు వేసే అలవాటుంటే గ్రిడ్‌ఇమేజ్‌లో -ఐ+డీ బదులు -ఐ+ఏ315+ఎన్‌టీ0.4 వాడి చూడండి. ప్లస్ పక్కన ఉన్నవన్నీ చిన్నక్షరాలు. నీడ పలచబడుతుంది. గాఢమైన నీడ కొండకి అందాన్నిస్తుంది గానీ, కింద ఉన్న రంగుని మార్చేస్తుంది. అప్పుడు కలర్‌బార్‌లో లేని రంగులు మ్యాపులో కనిపిస్తాయి.

ఆఖరుగా, ప్యాలెట్‌ని -హెచ్‌తో ఫైలులోకి తీసి గ్రిడ్ పక్కనే పెట్టుకోండి. నేను పేరులోనే పరిధి రాసుకుంటాను, డెవాన్_6000_0_500.సీపీటీ అని. ఏడాది తర్వాత ఎవరో వచ్చి "అదే రంగుల్లో పక్క ప్రాంతం కూడా గీసి పెట్టవా" అంటే ఆ ఫైలునే సీ పక్కన పెట్టి, టీ ఏమీ ఇవ్వకుండా గీసి ఇచ్చేస్తాను.